లాభం, రెండు, మూడు

హైమ బూట్లు తొడుక్కుంటుంటే పాప తుమ్మింది.
ఒంటి తుమ్ము.
హైమ ఆగి, కూచుని, రెండు గుక్కలు నీళ్ళు తాగి మళ్ళీ లేచింది.
కేర్‌హోమ్‌లో పదకొండు మంది ముసలివాళ్ళు.
తుమ్ముకి అక్కడ సెలవివ్వరు.

డండీలో డిసెంబరు. నాలుగింటికే చీకటి.
టే నది మీంచి పొగమంచు లేచొచ్చి
మా మూడో అంతస్తు కిటికీకి ముక్కు ఆనించింది.
లోపలి అద్దానికి చెమటలు.
తొమ్మిది వారాల చిత్కళ ముక్కులో
ఒక పిల్లి కాపురం పెట్టింది.

పాలు పట్టబోతే రెండు చప్పరింపులు,
వదిలేసి గాలికి నోరు తెరవడం,
మళ్ళీ ఏడుపు.
ఆకలీ ఊపిరీ ఇరుకు సందులో ఎదురుపడి
నేను ముందంటే నేను ముందని
తోసుకుంటున్నాయి.

అత్తయ్య పంపిన పార్సిల్ అలమరలో ఉంది:
వాము మూట, కర్పూరం బిళ్ళలు, పచ్చమూత డబ్బాలో బామ్.
మూత తీస్తే నా కళ్ళే మండాయి.
ఇంత పసి ఊపిరికి ఆ ఘాటు పడదని
మంగళవారం వచ్చిన నర్సు ఐల్సా మరీ మరీ చెప్పింది.
మూత బిగించాను.
రేపు ఫోన్లో అత్తయ్య "రాశావా నాయనా?" అంటే
"ఊఁ" అంటాను.

ఉప్పునీటి చుక్కలు, ఒక్కో రంధ్రంలో రెండు.
గింజుకుంది. పిడికిళ్ళు బిగించి
పుట్టినందుకున్న కోపమంతా నా మీద చూపించింది.
రబ్బరు బుడ్డి నొక్కి, మెల్లగా ఆనించి, వదిలితే
వచ్చింది,
ఆవగింజంత.
ఇంతదానికా తల్లీ
ఇల్లంతా ఊపిరి బిగబట్టింది!

ఒంటిగంటకి, పొట్ట ఎగిరెగిరి పడటం చూసి
ఒకటి ఒకటి ఒకటి నొక్కాను.
అవతల ఒకామె. గొంతులో నిద్రా లేదు, తొందరా లేదు.
పెదాలు నీలంగా ఉన్నాయా?
లేవు.
పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంట పడుతోందా?
లైటు వేసి చూశాను. లేదనుకుంటా. లేదు.
తడిసిన డైపర్లు?
పొద్దుట్నుంచి ఐదు.
"ఊపిరి తీసిన ప్రతిసారీ పైకి చెప్పండి,
నేను గడియారం చూస్తాను."

నోరు తెరిస్తే ఇంగ్లీషు అంకె రాలేదు.
"లాభం" అన్నాను.

మా తాత తెనాలిలో ధాన్యం కొలిచేవాడు.
మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు.
ఏడు అంటే ఏడుపొస్తుందని
ఆరున్నొకటి అంటాడు.
లాభం, రెండు, మూడు...
ఆరున్నొకటి, ఎనిమిది...
ఆమె అడ్డు రాలేదు.

ఇరవై రెండు దగ్గర పాప ఆగింది.
నేనూ ఆగాను.
ఫ్రిజ్ మాత్రం గుర్రుమంటూనే ఉంది.
పొట్ట లేచింది.
ఇరవై మూడు.

నలభై ఎనిమిదికి "నిమిషమైంది" అంది.
"ప్రస్తుతానికి ఇంట్లోనే చూసుకోండి.
కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పాలు.
సగం కూడా తాగకపోతే మళ్ళీ మాకు చెయ్యండి.
అరవై దాటినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, రంగు మారినా
ఆలోచించకండి, అంబులెన్సే."
పెట్టేసేముందు అడిగింది,
ఆ మొదటి అంకె ఏమిటని.

తర్వాత నేను చేసిందంటూ ఏమీ లేదు.
భుజాన నిలువుగా ఎత్తుకుని
సోఫాకీ సింకుకీ మధ్య నడక.
మీటర్లో నాలుగు పౌండ్లే మిగిలాయి,
హీటరు ఆపలేదు.
మూడింటికి ఒక ఔన్సు. నాలుగున్నరకి అర.
నా మెడ మీద వెచ్చగా, తడిగా
పిల్లి గురక.

ఏడున్నరకి హైమ.
మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ "ఎంత?" అంది.
"నలభై నాలుగు."
ఆరో గదిలో పెద్దాయనకి కూడా ఆయాసమట,
రాత్రంతా ఆయన దిండు ఎత్తిపెట్టి కూచుందట.
పాపని అందుకుని, గుండెకి చెవి ఆనించింది.

అప్పుడు తుమ్మింది చిత్కళ,
ఒళ్ళంతా కూడదీసుకుని.
రాత్రంతా నా రబ్బరు బుడ్డికి చిక్కనిది
హైమ యూనిఫాం మీద పడింది.
"చిరంజీవ" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

పిల్లి పూర్తిగా వెళ్ళలేదు. ఇవాళ మూడో రోజు,
ఇంకా ముదరొచ్చట.
కానీ పాలు తాగుతోంది,
గుటక వెనక గుటక.
లెక్కపెట్టబోయి మానుకున్నాను.
మా తాత కూడా రాశి అడుగున
కాస్త కొలవకుండానే వదిలేసేవాడు.