ఫర్హాబాద్ కాడ, ముసుర్ల

మన్ననూరు చెక్‌పోస్టు కాడ గేటాయన
రిజిస్టర్ల నా పేరు రాస్తుంటే
పెన్నుకంటే ముందు వానే సంతకం పెట్టింది.
మూడు నెలలు మూసిన గేటు మొన్ననే తెరిచిండ్రు.
"ఈ ముసుర్ల ఏం కనపడ్తదని పోతున్నవు సారూ"
అనుకుంటనే టికెట్టు చింపి
తడవకుండ నా జేబుల తనే పెట్టిండు.

అచ్చంపేటల నాది చిన్న స్టూడియో.
పెండ్లిళ్ళు, పాస్‌పోర్టు సైజులు,
పోయినోళ్ళ ముఖాలకు దండ గీసి ఫ్రేము కట్టుడు.
నీలం పరదా ముందట కూసోబెట్టి
గదవ జరంత పైకి, అనుడు తప్ప
ఇరవై యేండ్లల్ల ఒక్క కొండను
ఇటు తిరుగుమని అడిగింది లేదు.

ఈదన్న ముందు నడిచిండు, చెప్పులు లేకుండ.
కొన మీద, రెయిలింగు పక్కన స్టాండు నిలబెట్టి
లెన్సు మూత తీసిన.
లోయ లేదు.
కింద ఉండాల్సిన అంత అడవి
ఎవరో మడిచి పెట్టెల దాచినట్టు లేదు.
అంతా తెలుపు.
ఆ తెలుపు గూడ కుదురుగ లేదు,
పాలపొంగు లెక్క అంచుదాక వచ్చి
ఎవరో నీళ్ళు చల్లినట్టు దిగిపోతున్నది.

తుడిస్తే తడి, తుడవకుంటే మసక.
రుమాలు తడి, అంగీ కొస తడి,
అద్దం మీద నా ఊపిరి గూడ తడే.
ఈదన్న వంగి గాజులకు చూసి అన్నడు:
"కంట్ల పువ్వేసింది దీనికి.
మా అవ్వ కన్ను గూడ ఇట్లనే."

అవ్వ లోపల అప్పాపూర్ పెంటల ఉంటదట.
పింఛను కోసం క్యాంపుకు తీస్కపోతే
మిషిన్ల కన్ను పట్టలేదట, మూడుసార్లు.
వేళ్ళు పెట్టమన్నరట. అవీ పట్టలేదు,
గడ్డలు తవ్వి తవ్వి గీతలు అరిగిపోయినయట.
"ఉన్నదో లేదో తెల్వదన్నరు సారూ,
ఎదురుంగ కూసున్న మనిషిని."
నవ్విండు.

పోయినేడు ఆ క్యాంపుల
మిషిను ముందట కిరాయికి కూసున్నది నేనే.
చెప్పలే.
వాన చప్పుడు ఎక్కువున్నది, వినపడదు అనుకున్న.

టేకాకు ఒకటి తెంపి చాట తీర్గ వంచి
కెమెరా మీద పట్టిండు.
తన తల తడుస్తున్నది, సోయి లేదు.
ఆకు నలిగిన కాడ వేళ్ళు ఎర్రబడ్డయి.
"ఆగు. మబ్బు జరుగుతది."
"ఎప్పుడు?"
"జరిగినప్పుడు."

జరిగింది.
పది లెక్కపెట్టేంత సేపు, అంతకంటే లేదు.
ఒక బండ, దాని చెంపల మీద చారలు చారలు నీళ్ళు,
అవతలి కొండ నడుముకు మద్దిచెట్లు, నల్లగ,
ఇంకెక్కడనో దుప్పి కూత.
కూతకు ఫొటో లేదు.
నేను నొక్కిన. నొక్కుతనే ఉన్న.
మబ్బు మళ్ళ కప్పినంక గూడ నొక్కిన.

ఇంటికొస్తే శశిరేఖ
కెమెరాను బియ్యం డబ్బల పాతిపెట్టింది.
"మూడొద్దులు దీని జోలికి పోకు"
అన్నది, బాలింతకు కాపున్నట్టు.

నాలుగో నాడు తీసి చూస్తే ముప్పై ఆరు.
ముప్పై అయిదింట్ల తెలుపే.
గిరాకికి చూపిస్తే
ప్రింటు మర్చిపోయినవా అంటడు.
మిగిలిన ఒకదాంట్ల
కొండ అలికినట్టున్నది, బండ ఒక మరక,
పైన మూలకు ఆకు అంచు,
దాని కింద రెండు వేళ్ళు మాత్రం
సూదికొన అంత సాఫ్‌గ.
నేను ఏం చూస్తున్ననో కెమెరాకు పట్టలే,
ఎవరు పట్టుకున్నరో పట్టింది.

పెద్దగ చేసి చూసిన, ఇంకింత పెద్దగ.
ఎరుపు కింద గీతలున్నయి.
ఈదన్నవి ఇంకా అరగలే.

మళ్ళ పోవాలె. పెంటదాక.
స్టాండు వద్దు, నీలం పరదా వద్దు.
ఆ మిషిను సంగతి చెప్పాలె.
వాన తగ్గినంక పోదామనుకున్న.

షటరు సగం లేపి చూసిన.
రోడ్డు మీద ఎండ కొడుతున్నది,
అప్పటికే రెండు రోజుల నుంచి.