తూకం నిలిచేదాకా

మత్తికెరె మూడో అడ్డరోడ్డులో
ఏప్రిల్ వానకి కానుగ చెట్టు పడింది.
అప్పుడు దాని కింద మనుషులెవరూ లేరు.
మునెప్ప ఇస్త్రీ బండి ఉంది,
బండి మీద నా రెండు చీరలున్నాయి.

కార్పొరేషన్ లారీ వచ్చేలోపు
ఒక కొమ్మ తెచ్చుకున్నాను.
ముంజేతి పొడవు, అంతకంటే కాస్త లావు.
మూడంతస్తులు మోసేసరికి భుజమంతా పసరు.
"పొయ్యిలోకా?" అంది ఇంటి ఓనరు రుద్రమ్మ.
కాదండీ అన్నాను.
మరి దేనికో అప్పటికి నాకూ తెలీదు.

పచ్చికొమ్మ అంటే కట్టె కాదు,
నిలబెట్టిన నీళ్ళ బిందె.
ముందు బెరడు ఒలిచాను,
పురుగు కాపురం పెట్టేది ఆ చూరు కిందే.
పదిరోజులు ఫ్రీజర్లో పెట్టాను,
బఠాణీల సంచి పక్కన, చలికి గుడ్లు చావాలని.
తర్వాత కరెంటు పోయిన రాత్రుల కొవ్వొత్తి ముక్కలన్నీ కరిగించి
రెండు కొసలకీ పూశాను.
నీళ్ళు కొసల్లోంచి పరుగెత్తితే కట్టె నోరు తెరుస్తుంది.
పక్కల్లోంచి పోవాలి, చెమటలా,
ఎవరూ చూడకుండా.

డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో
రెండు ఇటుకల మీద పడుకోబెట్టాను.
ఎండలో కాదు. ఎండ తొందర చేస్తుంది.

ప్రతి సోమవారం వంటింటి కాటా మీద తూకం.
గోడ మీద సుద్దతో:
పన్నెండు వందల నలభై.
పదకొండు వందల అరవై.
వెయ్యీ తొంభై.
ఆషాఢం ముసురుకి ఒక వారం ఎనిమిది గ్రాములు పెరిగింది.
కొట్టేయలేదు. అదీ రాశాను.

మునెప్ప బండి ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన,
నెత్తిన నీలం టార్పాలిన్.
"నీడ లేకుంటే బొగ్గు రెండుతూర్లు కాల్తాదమ్మా,
ఒగతూరి పెట్టెలో, ఒగతూరి నెత్తిన."
అంటూ ఇస్త్రీపెట్టె ఎత్తాడు.
పిడి పగిలి ఉంది.
తీగ చుట్టి, తీగ మీద గుడ్డ చుట్టి,
గుడ్డ మీద ఇంకో తీగ.

ఆ కొమ్మ దేనికో
నాకు అప్పుడు తెలిసింది.

చెప్తే నవ్వాడు.
"ఏడాది ఏంటికమ్మా? ఇట్ల తే,
బొగ్గుల పక్కన పెడితే ఒగ సాయంత్రానికి ఆరిపోతాది."
మిగిలిన రెమ్మ ముక్క ఒకటి ఇచ్చి చూశాను.
మర్నాడు చేతిలో పెట్టాడు:
మా పెద్దమ్మ మడమ లాంటి పగులు,
ఈ చివరనుంచి ఆ చివరికి.
ఆత్రగాడికి బుద్ధి మట్టు అని
నేను అనలేదు, ఆయనే అన్నాడు.

దసరా ముందు ఇటుక మీద గోధుమపిండి లాంటి పొడి కనిపించింది.
చలికి చావనిది ఒకటి ఉందన్నమాట.
బోరాక్స్ నీళ్ళు, పాత టూత్‌బ్రష్.
ఎన్ని రంధ్రాలో లెక్కపెట్టాను: నాలుగు.
ఆ రాత్రి నిద్రలో కూడా ఏదో నమిలే చప్పుడు.

సంక్రాంతి దాటాక
ఏడువందల పన్నెండు.
ఏడువందల పన్నెండు.
మూడో సోమవారం కాటాని తట్టి చూశాను,
బ్యాటరీ మార్చి చూశాను.
ఏడువందల పన్నెండు.
గాలికీ దానికీ ఇచ్చిపుచ్చుకోవడాలు అయిపోయాయి.

చెక్కాను. గరుకు కాగితం పట్టించాను.
అవిసె నూనె తుడిచిన గుడ్డని
ఉండచుట్టి పారేయకుండా తీగ మీద ఆరేశాను,
ఉండలో ఉంటే తనంతట తనే అంటుకుంటుందట.
నాలుగు రంధ్రాల్లో ఒకటి పిడి మీదే మిగిలింది.
పూడ్చలేదు.

మునెప్ప పిడి తిప్పి తిప్పి చూశాడు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"మన చెట్టేనా?"
అవునన్నాను.
నేనేదో మాట కోసం చూస్తున్నాను.
"లావైంది. పిడికిలి మూసుకోడంల్యా" అన్నాడు.

అక్కడే స్టూలు మీద కూర్చుని
ఇంకో రెండు నూలుపోగులంత చెక్కాను.
ఆయన ఎవరిదో స్కూలు చొక్కా కాలరు రుద్దుతూ నిలబడ్డాడు.
ఒళ్ళో రాలిన పొట్టంతా దోసిట పోగుచేసి
పెట్టె మూత తెరిచి బొగ్గుల మీద చల్లాడు.

ఒక్క మంట లేచి పడింది.
పొగ రాలేదు.