ఉతికి ఆరేసిన పదకొండుగురు

క్లబ్బుకి నూరేళ్లు నిండుతున్నాయట.
మంగలి షాపులో అట్టపెట్టె ఒకటి పెట్టారు,
పైన కత్తెరతో కోసిన సందు.
ఇన్నేళ్లలో మీకు నచ్చిన పదకొండుమందిని
రాసి వెయ్యమన్నారు.
ఊళ్లో మగాళ్లంతా వారంరోజులుగా
సగం గీసిన గడ్డాలతోనే కొట్టుకుంటున్నారు.

నన్నెవరూ అడగలేదు.
ముప్పై ఎనిమిదేళ్లు వాళ్ల జెర్సీలు ఉతికిన ఎర్మెలిందాని.
ఆదివారం ఆట నేనెప్పుడూ చూళ్లేదు,
సోమవారం పొద్దున్న నీళ్లలో చూశాను.
గెలిచిన రాత్రి వీధిలో కేకలు:
ఉతికి ఆరేశాం! ఉతికి ఆరేశాం!
తెల్లారితే ఆ పని చేసేది నేను.

అందుకే రాస్తున్నా, సబ్బు చుట్టిన కాగితం వెనక.

గోల్లో వాల్దెమార్ ఎచెగోయెన్.
మాంసం ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
తిన్నగా మైదానానికి వచ్చేవాడు.
మోచేతుల మీద గడ్డి పసరు, దాని పక్కనే ఆవు నెత్తురు.
నెత్తురుకి చన్నీళ్లే పొయ్యాలి.
వేణ్ణీళ్లు తగిలిందా, పాతుకుపోతుంది.

నడిమి గోడకి పింతోస్ అన్నదమ్ములు, లదిస్లావో, ఈబెర్.
వాళ్లమ్మ పడవ ఎవరిదన్న తగువులో
ఆరేళ్లు మాటల్లేవు.
కానీ ఒకడి కుడి భుజం, ఇంకొకడి ఎడమ భుజం
ఒకే చోట చిరిగి వచ్చేవి.
ఎవడికీ వాళ్ల మధ్య సందు దొరకలేదన్నమాట.

ఎడమవైపు ఒసీరిస్.
అవును, ఆ ఒసీరిసే.
ఫైనల్లో సొంత గోల్లోకే తన్నుకున్నవాడు.
ఊరంతా వాడి మీద ఉమ్మిందంటారు కదా,
మాటవరసకి కాదు. వీపు మీద నేను చూశాను.
మూడుసార్లు జాడించాను.
మరుసటి ఆదివారం అదే చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

కుడివైపు బర్బోసా. ఐదో నంబరు తెయోఫిలో,
కాలర్ నమిలి నమిలి పీలికలు చేసేవాడు.
ఏడు, వాడి తమ్ముడు.
ఎనిమిది... పేరు నోట్లోనే ఉంది, రావడంలేదు,
చంకల్లో నిమ్మకాయ వాసన వచ్చే పిల్లాడు.
వాడే.

పదో నంబరు అల్సీదెస్. మీ అందరి లిస్టుల్లోనూ ఉంటాడు.
చొక్కా మడతపెట్టి ఇచ్చినవాడు అతనొక్కడే,
అందుకు పెట్టాను,
నలభై గజాల నుంచి కొట్టిన ఆ గోలుకి కాదు.
సరే, దానికి కూడా.

తొమ్మిదికి మీరు రాసే మారాజు నా లిస్టులో లేడు.
మట్టి లేదు, చెమట లేదు, సెంటు వాసన.
ఆ చొక్కాకి నేనెందుకు, గాలికి చూపిస్తే చాలు.
నా తొమ్మిది వల్మీర్.
పక్కటెముక విరిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు.
కట్టుకున్న గుడ్డ పిన్నీసు చొక్కాలో ఉండిపోయి
నా వేల్లో దిగింది.
మచ్చ చూపిస్తాను, ఎవరన్నా అడిగితే.

ఇక పదకొండు.

నాలుగేళ్లు బెంచీ మీద కూర్చున్న పిల్లాడు.
ప్రతి మూటలోనూ అతని చొక్కా వేసిన మడత వేసినట్టే వచ్చేది.
అయినా ఉతికేదాన్ని,
తీగ మీద పది ఆరి ఒకటి లోపలుంటే బాగుంటుందా.
ఒకసారి మాత్రం మట్టికొట్టుకుపోయి వచ్చింది.
ఆడించారేమో అని సంబరపడ్డాను.
నీళ్లలో పెట్టాక తెలిసింది.
మైదానంలోది ఎర్రమట్టి.
ఇది నల్లది, షెడ్డు వెనక నదిగట్టుది,
చేత్తో పూసిన గీతలు, ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి.

ఎవరికీ చెప్పలేదు.
అందరి చొక్కాలకన్నా ఎక్కువసేపు రుద్దాను.

ఎడమ వింగ్‌లో, మొదటి నిమిషం నుంచి,
ఎవ్‌లోహియో.

ఇప్పుడు జుట్టంతా నెరిసింది అతనికి.
మంగలి షాపు అతనిదే.
శనివారం సాయంత్రం పెట్టె విప్పి
ఒక్కో కాగితం పైకి చదివేదీ అతనే.
నాది వచ్చినప్పుడు
చేతిలో కత్తి లేకుండా ఉంటే మంచిది,
కుర్చీలో ఎవరి గొంతు ఉంటుందో ఏమో.