రెండు సెకన్లు

రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య
గొయ్యి ఉందంటుంది మారిసేలా.
బేకర్స్‌ఫీల్డ్ దాటి కొండెక్కేటప్పుడు
కాలు తొక్కుతూనే ఉంటుంది, ఇంజను అరుస్తూనే ఉంటుంది,
బండి మాత్రం ఏదో మరిచిపోయినట్టు
ఆగి ఆలోచిస్తుంది.
వెనక ఉల్లిపాయల లారీ.

నాలుగుసార్లు షెడ్డుకి. నాలుగు రసీదులు.
నాలుగింటి మీదా ఒకే మాట:
"నడిపి చూశాం. లోపం కనబడలేదు."
డాక్టరు గుమ్మంలో జ్వరం తగ్గినట్టు.

ఇలాంటి బండిని ఇక్కడ నిమ్మకాయ అంటారు,
దాని పేర ఓ చట్టం కూడా ఉంది.
మా వైపు కొత్త చక్రాల కింద నలిగేది నిమ్మకాయే.
ఇక్కడ నలిగేది
స్టీరింగు పట్టుకున్న మనిషి.

లాయరు ఫీజు అడగలేదు, తేదీలడిగాడు.
రాత్రి డ్యూటీ చీటీల వెనక
ఆమె రాసుకున్నవన్నీ ఇచ్చింది,
ఒకదాని మీద ఎవరిదో బీపీ కూడా ఉంది.

విచారణ రోజు కంపెనీ మనిషి నవ్వాడు:
"రెండు సెకన్లేగా, మేడమ్."

మారిసేలా వాచీ విప్పి బల్ల మీద పెట్టింది.
"సరే. వెనక లారీ ఉందనుకోండి.
ఇప్పుడు కాలు తొక్కండి."

ముల్లు ఒకసారి కదిలింది.
మధ్యవర్తి కళ్ళు
అక్కడ లేని అద్దంలోకి
పైకి లేచాయి.