విన్నమ్మ

మా తాత పెంచలాచారి ఆమె పేరు
ఒక్కసారీ సరిగ్గా పలకలేదు.
వినిఫ్రెడ్ అని రాసివుంది పెట్టె మీద.
బిట్రగుంట లోకోషెడ్డు నోట్లో పడి
అది విన్నమ్మ అయింది.

మద్రాసు మెయిల్లోంచి దించినప్పుడు
కూలీలు తలపాగాలు తీసి పక్కకు జరిగారట,
దొరసాని శవపెట్టెతో దిగిందని.
ఫోర్మన్ దొర చెల్లెలు నవ్వి
గొళ్లేలు తీసి చూపించింది.
ఫిడేలుకు పెద్దమ్మ లాంటిది.
మెడ ఉంది, నడుముంది,
నాలుగు తీగలు. చెల్లో అంటారంట.

ఆమె కథ తాతకు ముక్కలుగానే తెలుసు,
రంపం ఆగినచోట రాలిన పొట్టులాగా.
తండ్రి గుడిగంటలకు తాళ్లు పేనేవాడు.
పన్నెండో ఏట దాన్ని చేతికిచ్చి,
ఆడపిల్ల మోకాళ్ల మధ్య పెట్టుకోకూడదని
గుర్రమెక్కిన దొరసానిలా
పక్కకు తిరిగి వాయించమన్నారు.
మూడేళ్లు నడుంనొప్పితో వాయించి
ఒకరోజు నేరుగా తిరిగి కూర్చుంది.
ఇది చెప్పేటప్పుడు తాత ఎందుకో
తన మోకాళ్లు చూసుకునేవాడు.

తర్వాత లండన్లో మూకీ బొమ్మల హాలు.
తెర కింద గుంటలో, గుడ్డిదీపం వెలుతుర్లో
పదకొండేళ్లు.
పైన కథానాయిక చచ్చిపోతుంటే
కింద ఈమె చెయ్యి ఏడ్చేది.
వేలమంది కళ్లు తుడుచుకున్నారు,
ఒక్కరూ గుంటలోకి తొంగిచూడలేదు.
బొమ్మకు మాటొచ్చిన వారం
జీతం లెక్కకట్టి ఇంటికి పొమ్మన్నారు.
అన్న ఉన్న ఊరు బిట్రగుంట.
ఓడెక్కింది.

మా రోహిణీకార్తె ఆ కర్రకు కొత్త.
ఎండకు వీపు అతుకు విచ్చుకుంది,
సముద్రపు గాలికి పైచెక్క ఉబ్బింది.
రైలుపెట్టెలు చెక్కే చేతుల్తో తాత
వజ్రం ఉడకబెట్టి అంటించాడు.
తీగలు మోసే చెక్క విరిగితే
పనసకర్రలో కొత్తది కోశాడు.
"కూలెంత?" అందామె.
"ఒకసారి వాయించమ్మా,
అతుకు నిలబడిందో లేదో జూస్తా."

ఇన్‌స్టిట్యూట్ లోపలికి మనవాళ్లకు దారిలేదు.
కిటికీ కింద బొగ్గునుసి మీద కూర్చుని
ఆ అతుకును విన్నాడు.
ముందు వరస దొరలు
బదిలీల సంగతి మాట్లాడుకుంటున్నారు.

యుద్ధమొచ్చి ఓడలు ఆగాయి.
లావుతీగ తెగింది.
మద్రాసులో లేదు, బొంబాయిలో లేదు.
దూదేకుల పీరాం సాయిబు వరండాలో
పరుపు దూది ఏకుతున్నాడు,
విల్లు నరం మీద దెబ్బ పడ్డప్పుడల్లా
దుమ్మ్... దుమ్మ్...
ఆమె భోజనం బల్ల దగ్గర్నుంచి లేచొచ్చింది,
చెంచా చేతిలోనే ఉంది.
"అదే" అన్నది, "నాకు తక్కువైంది అదే."
రెండు రోజుల కూలి పోగొట్టుకుని
సాయిబు పాత నరం ఊడదీసిచ్చాడు.
ఆ రాత్రి పాటలో దూది ఎగిరిందంటాడు తాత.
నేను నమ్మను.
కిటికీ కింద తుమ్మొచ్చిందని కూడా అంటాడు.

దొరలు పోయిన ఏడాది
అదే పెట్టెతో మెయిలెక్కింది.
ఈసారి కూలీలు తలపాగాలు తియ్యలేదు.
"మెడ, మెడ జాగర్తరా" అని అరుచుకుంటా
బాలింతను దించినట్టు బెర్తు మీద దించారు.
జాబు రాలేదు.
ఆ చలికి పనసచెక్క ఆగిందో లేదో
తాత చచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు,
ఎవర్నడగాలో తెలియక
మెయిలు గార్డుల్ని.

ఇప్పుడు షెడ్డు నిండా సర్కారుతుమ్మ.
ఇన్‌స్టిట్యూట్ గచ్చులో, కిటికీకి కాస్త ఇవతల,
బొటనవేలు పట్టేంత గుంట.
ఆ వాయిద్యం ఇనప మొన
పదిహేనేళ్లు ఆని ఆని తొలిచింది.
మా లైను పిల్లలు అక్కడే గోలీలాడతారు.
"ఎవురు తవ్వినారన్నా దీన్ని,
కొలతేసినట్టుండాదే?"
చెప్పబోయాను.
ఇంతలో నా వంతు వచ్చింది.
మోకాళ్ల మీద కూర్చుని గురిచూసి వదిలాను.
గోలీ గుంటలో పడిన చప్పుడు
విన్నాను.