వెనక్కి జారని బండి

అల్లిపురంలో మా షెడ్డుకి బోర్డు లేదు.
ముక్కు కారు ఉన్న చోటంటే
ఆటోవాడు సరాసరి తెచ్చి దింపుతాడు.

స్టూడిబేకర్ ఛాంపియన్, యాభయ్యో సంవత్సరం.
మొహం మధ్యన విమానానికున్నట్టు గుండ్రటి ముక్కు,
ఆరు వోల్టుల గుండె,
ఉప్పుగాలి కొరికేసిన అడుగు రేకు.
దానికి మా నాన్న పైడిరాజు మూడుసార్లు అతుకేశాడు,
నేను రెండుసార్లు.
ఇందులో అమెరికా ఎంత, కంచరపాలెం ఎంత
అని ఎవరైనా అడిగితే
తలుపు తీసి, వేసి,
ఆ చప్పుడు వినమంటాను.

మొదట కొన్నది జనపనార మిల్లు మేనేజరు.
కలకత్తా నుంచి గూడ్సులో దిగిందట,
గడ్డి చుట్టి, గోనె కప్పి,
అలిగిన ఏనుగుపిల్లలా.
తర్వాత వకీలు గంటి సోమయాజులు గారు.
హారన్ కొట్టడం అమర్యాదనుకునేవారు.
పూర్ణా మార్కెట్టు దగ్గర ఆవులు లేచేదాకా
ఇంజనాపి పేపరు చదువుకునేవారు.
ఆయన పోయాక డోరీన్ పెరీరా టీచరు,
అప్‌లాండ్స్ నుంచి చర్చికి,
చర్చి నుంచి చేపలరేవుకి.
డిక్కీలో వంజరం వాసన నేటికీ పోలేదు,
వాన పడితే మరీను.

కంపెనీ కథ నాన్న నాకు
పాత టైరు మీద కూచోబెట్టి చెప్పాడు.
ఆయనకి పెరీరా టీచరు చెప్పిందట.
"అయిదుగురు అన్నదమ్ములే గుంటా. కమ్మరోళ్ళు.
సౌత్ బెండ్ అని ఓ ఊళ్ళో కొలిమెట్టి
గుర్రబ్బళ్ళు సేసీవోరు.
అందులో ఒకడు బంగారం తవ్వుకుందారని ఎల్లి
తవ్వడం మానేసి
తవ్వీవోళ్ళకి తోపుడుబళ్ళు సేసి అమ్మినాడు.
ఆ డబ్బుతో తిరిగొచ్చినాడు.
మీ తాతేటి సేసీవోడు?
పద్మనాభంలో బండిచక్రాలకి ఇనపకమ్ములేసీవోడు.
మరి ఆల్లు మనకేటవుతారు?"
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
చుట్టాలన్నాను.
నాన్న నవ్వలేదు. పానా అందుకోమన్నాడు.

నూట పదేళ్ళ పైన బతికి
అరవైమూడు డిసెంబరులో
ఆ కంపెనీ సొంతూళ్ళో కొలిమి ఆర్పేసింది.
ఆ కబురు మాకెవరూ పంపలేదు.
పిస్టన్ రింగుల కోసం రాసిన కార్డుకి
కలకత్తా కొట్టువాడు జవాబివ్వలేదు, అంతే.
నాన్న ఇంకో కార్డు రాశాడు.
వానాకాలం దాకా చూశాడు.
ఆపైన పాత రింగు జేబులో వేసుకుని
కంచరపాలెంలో లేతు మిషను అప్పన్న దగ్గరకి
నడిచి వెళ్ళాడు.

టీచరు తర్వాతివాడు పెళ్ళిళ్ళకి తిప్పాడు.
బంతిపూల రెక్కలు ఇప్పటికీ
సీటు స్ప్రింగుల్లోంచి రాలుతుంటాయి.
రిపేరు బాకీ తీర్చలేక ఓ రాత్రి
తాళంచెవి మా గుమ్మంలో పెట్టి పోయాడు.
కాగితాల మీద అతని పేరే ఉంది.
హుద్‌హుద్ తుఫానులో
షెడ్డు రేకులు పోర్టు వైపు ఎగిరిపోయి
ఇటుకగోడ ముక్కు మీద ఒరిగింది.
ఆ సొట్ట నేను తియ్యలేదు.

అసలు చెప్పాలనుకున్నది దాని కాలి సంగతి.
క్లచ్చుకి తగిలించి చిన్న కవాటం,
లోపల గోళీకాయంత ఉక్కుగుండు.
ఎత్తులో ఆగినప్పుడు
క్లచ్చు తొక్కి ఉన్నంతసేపూ
బ్రేకు మీంచి కాలు తీసేసినా
బండి వెనక్కి జారదు.
ఎవరు ఆలోచించారో,
ఏ ఎత్తులో ఎవరి బండి జారగా చూశారో.

మొన్న పెరీరా టీచరు కబురెట్టింది.
ఎనభై దాటింది, యారాడ చూస్తానంది,
ఆ కారులోనే.
ఘాట్ రోడ్డు రెండో మలుపులో
ఇసకలారీ అడ్డంగా చచ్చిపోయింది.
వెనక ఆటోలు, స్కూటర్లు,
కింద డాల్ఫిన్ ముక్కు, రేవులో నిలబడ్డ ఓడలు.
నేను క్లచ్చు తొక్కిపట్టి
బ్రేకు మీంచి పాదం మెల్లగా ఎత్తాను.

టీచరు కళ్ళు మూసుకునే అడిగింది:
"పట్టుకుందా?"
పట్టుకుందమ్మా అన్నాను.
పిక్క లాగేస్తోంది.
లారీవాడు ఇంకా బీడీ ముట్టిస్తున్నాడు.