ఇరవై మూడు సీసాలు

సంగడిగుంట పాత సామాన్ల కొట్లో
సీసా నాలుగు రూపాయలు.
ఇరవై మూడు ఏరుకొచ్చాను.

దొడ్లో కాగు మసులుతోంది.
దయామణి పిన్ని ఒక్కో మూతినీ
ముక్కుకి ఆనించి చెబుతుంది:
ఇది కొబ్బరినూనె, కడుగు.
ఇది ఫినాయిలు, అవతల పారెయ్,
యొర్దానులో ముంచినా పోదు.
ఇది...
చెప్పలేదు. నా చేతికిచ్చింది.
రమ్ము. బాబాయి చొక్కా.

బ్రష్షు మెడ దాటి దిగదు.
అందుకే గుప్పెడు ఇసక, రాళ్లుప్పు, వేడినీళ్లు.
ఊపితే లోపల వడగళ్లు.
లేబులు గోటికి వచ్చేసింది,
బంక రాలేదు.

డాబా మీద గుడ్డ పరిచి బోర్లించాం.
తడి ఆరాలి.
పోయినేడు తొందరపడి పోస్తే
పాస్టరమ్మగారి సీసా వెనిగరైంది.
మధ్యాన్నం యార్డు వైపు నుంచి గాలి, మిరప ఘాటు.
"కప్పవే, ద్రాక్షరసం తుమ్ముతుంది."

ఆ ఒక్క సీసా మూడుసార్లు ఉడికింది.
నాకైతే వేడి గాజు వాసన, అంతే.
పిన్ని మళ్లీ చూసింది.
"ఉంది" అంది,
కోపంగా కాదు,
పొయ్యి మీద పాలున్నాయి అన్నట్టు.

పండక్కి ఇరవై ఒకటి నింపాం.
ఇంకోటి వంటింటి కిటికీలో
బిరడా లేకుండా
ఎండ పోసుకుంటోంది.